అప్రస్తుతం మాస్టారు

మా మాస్టారు పోయారు. ఆ కబురు నాకు చేరవేసింది మాత్రం, ఆయన్ని బతికున్నన్నాళ్ళూ చిన్నబుచ్చిన మనిషి. పొద్దున్న కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే మా సాహితీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో కాకినాడ విమర్శకుడి సందేశం కనబడింది. "ప్రయోగ శిఖరం ఒరిగింది" అని రాసి కింద ఒక ఫొటో పెట్టాడు. ఆ ఫొటోలో విమర్శకుడు శాలువా కప్పుకుని నిండుగా ఉన్నాడు. మాస్టారు ఓ పక్కన భుజం దాకా ఉన్నారు. ఆయన మొహం సగం అంచులో తెగిపోయింది. ఆ కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. మాస్టారి పుస్తకం చదివినవాళ్ళ కంటే ఆ బొమ్మలు పెట్టినవాళ్ళే ఎక్కువమంది.

నేను మండపేటలో ఉంటాను. కాఫీ అక్కడే వదిలేసి రాజమండ్రి బస్సెక్కాను. వెళ్ళేసరికి ఇంటి ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. మాస్టారిని హాల్లో పడుకోబెట్టారు. అమ్మగారు, అంటే మాస్టారి భార్య, తల దగ్గర కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఏడుపు అయిపోయి, కళ్ళు తుడుచుకుని, వచ్చినవాళ్ళని చూస్తున్నారు.

"వచ్చావా? ఇలా పక్కన కూర్చో. ఇందాకట్నుంచీ అందరూ కాళ్ళ దగ్గరే నించుంటున్నారు, ఎవరో రాజుగారిని చూడ్డానికొచ్చినట్టు."

"ఎప్పుడండీ?"

"తెల్లారాక. పాలు పట్టాను. ఇంకో గుక్క తాగండీ అంటే తల అడ్డంగా ఊపారు. సరేలే అని గ్లాసు వంటింట్లో పెట్టొచ్చేసరికి అయిపోయింది."

నేను ఏమైనా అందామనుకునేలోపే గుమ్మంలో అలికిడైంది. విమర్శకుడు పెద్ద దండతో వచ్చాడు. వెనక ఫొటో తీసే మనిషి కూడా ఉన్నాడు. దండ వేసి, ఫొటో తీసే మనిషి వైపు ఒకసారి చూసి, అప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

సంతాపం రాసేటప్పుడు ఇలాంటివి రాయకూడదంటారు. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలట. నేను మంచే చెబుతాను, పోయినవారి గురించి. ఉన్నవాళ్ళ గురించి నాకు అలాంటి నియమం లేదు. ఈ జిల్లాల్లో అచ్చయిన పుస్తకాల్లో చాలా భాగం చదివాను. అందులో చాలా భాగం చదవకపోయినా ఏమీ పోయేది కాదు. పుస్తకం తెరవకుండా ముందుమాట రాసేవాళ్ళనీ, ఆ ముందుమాట చూసి అవార్డు ఇచ్చేవాళ్ళనీ దగ్గర నుంచి చూశాను. వీళ్ళందరి మధ్యా ఒకే ఒక్క నవల రాసి, దాని గురించి ఒక్క సభలోనూ మాట్లాడకుండా పోయిన మనిషి మా మాస్టారు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఆ నవలలో ఆయన తనకి తెలిసిన మనుషుల్ని దాచిపెట్టారు. ఎవరి మాట వాళ్ళకే తెలిసేటట్టు, పక్కవాడికి మామూలు వాక్యంలాగే కనబడేటట్టు. చదివి చాలామంది తమని తాము పట్టుకున్నారు. నేను మాత్రం నన్ను పట్టుకోలేకపోయాను. ఏళ్ళ తరబడి వెతికాను. ఆయన నన్ను వదిలేశారా, లేక నా కళ్ళకే ఆనలేదా అన్నది తేలకుండానే ఆయన వెళ్ళిపోయారు. ఆ రోజు ఆయన పక్కన కూర్చున్నప్పుడు, సిగ్గుపడవలసిన మాటే అయినా, నా మనసులో తిరిగింది అదే.

నేను మండపేట హైస్కూల్లో చదివేటప్పుడు ఆయన మాకు తెలుగు చెప్పేవారు. తర్వాత రాజమండ్రి బదిలీ అయ్యారు. ఉద్యోగరీత్యా నేనూ అక్కడికే చేరాను. ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "అప్రస్తుతం మాస్టారు" అంటేనే తెలిసేది. ఎక్కడ అవధానం జరిగినా అప్రస్తుత ప్రసంగానికి ఆయన్నే పిలిచేవారు. ఇప్పటివాళ్ళకి చెప్పాలి: అవధానంలో అవధాని మధ్యలో కూర్చుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలు నిషేధిస్తారు, ఒకరు వర్ణన అడుగుతారు. అవన్నీ మనసులో పెట్టుకుని ఆయన పద్యాలు అల్లుతుంటాడు. ఒక్కడి పని మాత్రం ఆయన ధ్యాస చెడగొట్టడం. పద్యం ముడిపడే వేళకి సరిగ్గా అడ్డం పడి, ఏ సంబంధమూ లేని ప్రశ్న వేస్తాడు. అదే అప్రస్తుత ప్రసంగం. వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఎప్పుడు అడ్డం పడాలో తెలియనివాడు ఆ కుర్చీలో కూర్చుంటే సభంతా చేపల మార్కెట్టు అయిపోతుంది.

భీమవరంలో ఒక కాలేజీ ఆవరణలో జరిగిన అవధానం నాకు బాగా గుర్తు. అవధాని పద్యం సగం దాకా చెప్పి ఆగాడు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"అవధానిగారూ, ఈ ఊరి చెరువుల్లో రొయ్యకి ఊపిరాడకపోతే ఏరేటర్లు తిప్పుతారండి. మూడో పాదం దగ్గర మీకూ ఒకటి తెప్పించమంటారా?"

"తెప్పించండి మాస్టారూ. కరెంటు మాత్రం మీ నోట్లోంచే ఇప్పించండి. ఊళ్ళో కరెంటు పోతుంది గానీ అది పోదు."

సభ నవ్వుల్లో మునిగింది. నేను ముందు వరసలో కూర్చుని నవ్వుతూనే ఉన్నాను. నేను ఎక్కవలసిన ఆఖరి బస్సు వేళ దాటిపోతోందన్న సంగతి మర్చిపోయాను. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు అవధానితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. అది పద్ధతి. కాసేపటికి మాస్టారు మళ్ళీ అడ్డం పడ్డారు.

"అవధానిగారూ, ఇంటిదగ్గర అన్నం చల్లారిపోతుంటే, ఇక్కడ ముందు వరసలో నోరు తెరుచుకు కూర్చున్నవాడిది ఏ అలంకారమండీ?"

"అతిశయోక్తి అండి!"

అందరూ మళ్ళీ నవ్వారు. ఆ మాట నాకోసమని ఎవరికీ తెలియదు. నేను లేచి బస్టాండుకి పరిగెత్తాను. మర్నాడు కలిసినప్పుడు, "బస్సు దొరికిందా?" అని మాత్రం అడిగారు.

"పద్యం సభకిరా, అప్రస్తుతం ఒక్కడికి," అనేవారు ఆయన. "వెయ్యిమంది నవ్వాలి, ఒక్కడు ఉలిక్కిపడాలి. ఆ ఒక్కడికి తగల్లేదనుకో, మనం అరిచినట్టే లెక్క."

ఆ పద్ధతిలోనే నవల రాశారు. కథ అంటూ పెద్దగా లేదు. రాజమండ్రి రేవులో బయలుదేరిన లాంచీ కొవ్వూరు రేవుకి చేరాలి, అంతే. ఈలోపు ప్రతి అధ్యాయం ఒక వేషంలో వస్తుంది. ఒకటి పెళ్ళి శుభలేఖలా ఉంటుంది. ఒకటి స్కూలు తనిఖీ రిపోర్టులా, ఒకటి లాంచీలో పోయిన వస్తువుల ప్రకటనల్లా, ఒకటి వరి ఊడ్పుల్లో పాడే పాట మధ్యలో ఎవరో అడ్డం వచ్చి మాట్లాడినట్టు ఉంటాయి. ఆ నవల పేరు నేను రాయను. ఇప్పుడు దాన్ని చదవనివాళ్ళందరి నోటా అదే నలుగుతోంది.

అది పుట్టింది గోదావరి మెట్ల మీద. తెల్లవారుతుండగా ఆయన గట్టు మీదికి నడకకి వచ్చేవారు, నేనూ వెళ్ళేవాణ్ణి. కాసేపు నడిచాక ఒక మెట్టు తుడుచుకుని కూర్చునేవారు. ఎదురుగా కింది మెట్టు మీద నన్ను కూర్చోమనేవారు. నోటితో చెప్పకుండా ఆయన ఒక్క వాక్యం కూడా కాగితం మీద పెట్టలేదు. పొద్దున్న నాకు చెప్పేవారు, మధ్యాహ్నం ఇంట్లో రాసుకునేవారు.

"లాంచీ కదిలింది. శుభలేఖ మాట్లాడ్డం మొదలెట్టింది."

"శుభలేఖ మాట్లాడ్డం ఏంటండీ?"

"ఏం, మాట్లాడకూడదా? మనుషులందరూ శుభలేఖల్లాగే మాట్లాడుతున్నారు కదా, ఆ విచ్చేయడాలూ, ఆ ఆశీర్వదించడాలూ. ఒక్కరోజు అదే నోరు తెరిస్తే తప్పేంటి?"

"ఎవరికీ అర్థం కాదు మాస్టారూ."

"ఎవరి సంగతో ఎందుకు? నీకు అర్థమైందా?"

"అయిందండి."

"అయితే రాసేస్తాను."

నేను ఒప్పుకోనివి కూడా ఉండేవి. అప్పుడాయన చిన్నబుచ్చుకునేవారు కాదు. గోదావరి వైపు చూస్తూ ఊరుకుని, మర్నాడు అదే ఇంకోలా చెప్పేవారు. ఒక్క అధ్యాయం విషయంలో మాత్రం నన్ను మాట్లాడనివ్వలేదు. "ఇది విను, ఏమీ అనకు," అన్నారు. అది ఇలా మొదలవుతుంది:

"తెల్లారింది. ఇల్లు నిండా జనాలే. నన్నెత్తుకున్న చేతులు కొత్తగా తగిలాయి. ఆకలేసింది. ఏడ్చాను. ఏ దిక్కు చూసినా నాకు తెలిసిన చెయ్యి లేదు."

అధ్యాయం అంతా అలాగే సాగుతుంది. చిన్న చిన్న వాక్యాలు. ఒక పసివాడు ఇల్లంతా తిరుగుతుంటాడు. విన్నాక నాకు ఏదో లోటుగా అనిపించింది గానీ ఏమిటో తెలియలేదు. నన్నే ఒకసారి పైకి చదవమన్నారు. చదువుతుంటే తెలిసింది. ఎక్కడా పెదవులు కలవడం లేదు. ప లేదు, బ లేదు, మ లేదు. నిరోష్ఠ్యం అని మన పాతవాళ్ళు పద్యాల్లో చేసిన విద్యే అది. వాళ్ళు అది పాండిత్యం చూపించడానికి చేశారు. మాస్టారికి ఊహ తెలిసీ తెలియని వయసులో తల్లి పోయింది. ఆ అధ్యాయంలో పసివాడు అమ్మ అనలేడు. ఆ భాషలోనే ఆ పిలుపు లేదు. తల్లి అని రాయవచ్చు, జనని అని రాయవచ్చు, వాటికి పెదవులు కలవనక్కర్లేదు. కానీ ఆకలేసిన పిల్లవాడెవడూ జననీ అని ఏడవడు.

నేను తలెత్తి చూసేసరికి మాస్టారు లేచి నీళ్ళ దాకా దిగి మొహం కడుక్కుంటున్నారు.

ఆ నవల ఆవిష్కరణ సభకి కాకినాడ విమర్శకుణ్ణి పిలిచింది మాస్టారే. ఒకప్పుడు ఇద్దరూ ప్రాణస్నేహితులట. నాకు తెలిసేనాటికి మాత్రం ఇద్దరి మధ్యా నవ్వులూ నమస్కారాలే ఉండేవి, మాటలు ఉండేవి కావు. విమర్శకుడు సరిగ్గా ఆ అధ్యాయాన్నే పట్టుకున్నాడు. "పెదవులు కట్టేసుకుని రాసిన గద్యం ఇది. చెవులు కట్టేసుకుని వినడమే న్యాయం," అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. "ఇది నవల కాదు, గారడీవాడి సంచి," అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ఇదే మనిషి, పరాయి దేశాలవాళ్ళు ఇలాంటి విద్యలు చేస్తే, ప్రయోగం అంటే అదీ అని వ్యాసాల మీద వ్యాసాలు రాశాడు. అన్నీ నా దగ్గరున్నాయి.

ఆఖర్న మాస్టారు లేచి, "గారడీయేనండి. సంచిలో ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు. కాఫీలు వస్తున్నాయి, తాగి వెళ్ళండి," అని కూర్చున్నారు. ఇంటికి వస్తూ దారంతా నేను తిడుతూనే ఉన్నాను. ఆయన చెయ్యి నా భుజం మీద వేసి, "పోనీలేరా. పిలిస్తే వచ్చాడు కదా," అన్నారు.

ఆ మాట అప్పుడు నాకు చేతకానితనంలా అనిపించింది.

ఏళ్ళు గడిచాయి. ఏదో యూనివర్సిటీలో ఎవరో ఆ నవల మీద పరిశోధన చేశారు. పత్రికల్లో రెండు మూడు వ్యాసాలొచ్చాయి. సంచిని తన్నిన కాళ్ళే దాని చుట్టూ ప్రదక్షిణం చేయడం మొదలెట్టాయి. అదిగో, అప్పుడు మొదలైంది మావాళ్ళలో వెతుకులాట. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఉన్న ఒక మిత్రుడు, తనిఖీ రిపోర్టులో "ఈ పాఠశాలలో పిల్లలు కరుగుచున్నారు" అన్న వాక్యం తనదేనని అందరికీ ఫోన్లు చేశాడు. ఇంకొకాయన ఊడ్పుల పాటలో తన నత్తి దొరికిందని పొంగిపోయాడు. అవధానం నడిచిన నేల ఇది. వేదిక మీది మాస్టారి చురక తగలడమంటే ఇక్కడ శాలువా కప్పించుకున్నంత గౌరవం. నవలలో చోటంటే మరీనూ. మేమంతా అలాగే అనుకున్నాం.

అందరికంటే ఎక్కువ సంబరపడింది విమర్శకుడు. పోయిన వస్తువుల ప్రకటనల్లో ఒకటి ఇలా ఉంటుంది: "నల్ల గొడుగు ఒకటి పోయినది. దొరికినవారు తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఒక్కసారి కనబడితే చాలును." చిన్నప్పుడు ఒక వానలో మాస్టారి గొడుగు తాను పట్టుకుపోయాననీ, ఆ గొడుగే ఇదనీ, తనని మాస్టారు అమరుణ్ణి చేశారనీ పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. గారడీ సంచి ఊసు ఆ వ్యాసంలో లేదు.

ఆ వ్యాసం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. తిట్టినవాడికి చోటుంది, పొద్దున్నే చలిలో మెట్ల మీద కూర్చుని విన్నవాడికి లేదు! నవల మళ్ళీ తీశాను. నా ఊరు, నా ఇంటిపేరు, నా అలవాట్లు, నా ఉద్యోగం, మేమిద్దరం పడ్డ వాదనలు, ఏదీ వదలకుండా వెతికాను. వాక్యాల మొదటి అక్షరాలు కలిపి చూశాను, చివరివి కలిపి చూశాను. వెనక నుంచి ముందుకి చదివాను. ఎక్కడా లేను. ఉక్రోషం పట్టలేక ఒక రోజు అడిగేశాను.

"మాస్టారూ, అందులో నేనెక్కడున్నానండీ?"

ఆయన నావైపు వింతగా చూశారు. "నువ్వా? నువ్వెందుకు ఉంటావు?"

"అంటే లేనాండీ?"

"నీకేం లోటురా?" అని నవ్వి, పక్కనే వెళ్తున్న వేరుశెనగల బండివాడిని కేకేశారు. పొట్లం నా చేతిలో పెట్టి, "తిను, వేడిగా ఉన్నాయి," అన్నారు. ఆ జవాబుని నేను తోసిపుచ్చడంగానే తీసుకున్నాను. దాన్ని మోసుకుంటూనే మండపేట వచ్చి స్థిరపడ్డాను. మోసుకుంటూనే వారానికోసారి ఆయన్ని చూడటానికి వెళ్ళేవాణ్ణి.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంత కోలుకుంది. మూతి మాత్రం ఒక పక్కకి లాగేసి, పెదవులు సరిగా కలిసేవి కావు. మాట్లాడబోతే సగం అక్షరాలు గాలిలా జారిపోయేవి. జీవితమంతా మాటల్ని ఆడించిన మనిషి మంచినీళ్ళు అడగడానికి అవస్థ పడుతుంటే చూడటం కష్టంగా ఉండేది. ఆ అధ్యాయం మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఇద్దరికీ గుర్తొచ్చిందని మాత్రం ఇద్దరికీ తెలుసు. ఎవరైనా కథలో ఇలా రాసి తెస్తే, ఇంత అతకడం బాగాలేదయ్యా అని నేనే కొట్టేయించేవాణ్ణి.

అప్పటినుంచి చెప్పడం నా వంతైంది. బస్సులో విన్నవీ, మిల్లుల దగ్గర లారీ డ్రైవర్ల తగాదాలూ, ఎవరికి ఏ అవార్డు ఎలా వచ్చిందో, అన్నీ చెప్పేవాణ్ణి. కాకినాడ విమర్శకుణ్ణి తిట్టినప్పుడు మాత్రం కుడిచెయ్యి ఎత్తి వద్దన్నట్టు ఊపేవారు. కిటికీ అవతల ఎవరైనా ఆగితే తల తిప్పి చూసేవారు. ఎవరి కోసం చూస్తున్నారో నేను అడగలేదు.

పోయిన తర్వాత ఊళ్ళో సంతాప సభ పెట్టారు. విమర్శకుడే అధ్యక్షుడు. నవలకి కొత్త ముద్రణ వస్తుందనీ, ఎవరు ఏ వాక్యంలో ఉన్నారో పేరుపేరునా వివరిస్తూ కింద నోట్సు తానే రాస్తున్నాననీ ప్రకటించాడు. దొరికినవాళ్ళ పేర్లు చదివాడు. చదువుతుంటే ఒక్కొక్కరూ లేచి దండం పెట్టారు. ఆఖర్న నావైపు తిరిగాడు.

"మాస్టారికి ఆత్మీయ శిష్యులు, మండపేట నుంచి వచ్చారు. మీ పేజీ ఏదో చెబితే అది కూడా వేసేస్తామండీ."

"నాకు పేజీ లేదండి."

"అయ్యో, సరిగా చూశారా?" అన్నాడు మైకులోనే. ఎవరో ముసిముసిగా నవ్వారు. నేను బయటికి వచ్చేశాను.

తిన్నగా మాస్టారింటికి వెళ్ళాను. అమ్మగారు వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఆ సభకి ఆవిడ వెళ్ళలేదు.

"ఏవయ్యా, అప్పుడే అయిపోయిందా? మొహం అలా ఉందేంటి?"

చెప్పాను. నోట్సు సంగతీ, పేజీ సంగతీ, ఏళ్ళ తరబడి వెతికిన సంగతీ, అన్నీ. అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఈనెలు తీస్తూనే విన్నారు.

"ఇన్నేళ్ళూ దీనికా నువ్వు మొహం గంటు పెట్టుకు తిరిగింది? నేనింకా షుగరేమో అనుకున్నాను."

"మీకు నవ్వులాటగా ఉందండీ."

"నవ్వులాట కాదు. లెక్క చూడు నువ్వే. శుభలేఖ ఎవరిది? వాళ్ళ తమ్ముడిది. పెళ్ళికి పిలవలేదని ఈయన అలిగారు, అలిగారని ఆయన అలిగాడు. చచ్చేదాకా మాటల్లేవు. పసివాడిది వాళ్ళమ్మ కోసం. ఐసు ఫ్యాక్టరీ ఆయన ఈ గడప తొక్కి ఎన్నేళ్ళయింది? ఇక ఆ కాకినాడాయన. గొడుగు ఇవ్వక్కర్లేదు, ఒక్కసారి కనబడు చాలు అని అచ్చేసి మరీ చెబితే, అది చదివి పేపర్లో వ్యాసం రాసుకున్నాడు గానీ ఆయనుండగా బస్సెక్కి ఇక్కడికొచ్చాడా? కాకినాడ ఎంత దూరమయ్యా?"

ఆవిడ ఇంకో గుప్పెడు చిక్కుడుకాయలు ఒళ్ళోకి తీసుకున్నారు.

"ఎదురుగా చెప్పుకోలేనివాళ్ళనే అందులో పెట్టుకున్నారు. నువ్వెందుకు ఉంటావు? పొద్దున్నే గట్టు మీద అదంతా చెప్పిందే నీకు. నేనూ లేను చూడు అందులో. నేనెప్పుడైనా వెతుక్కున్నానా?"

చిక్కుడుకాయల గిన్నె నావైపు జరిపారు. "ఊరికే కూర్చోకు. నువ్వూ కొన్ని తియ్యి. భోంచేసి పడుకుని రేపు వెళ్దువు గాని."

ఇద్దరం కూర్చుని తీశాం. కాసేపయ్యాక ఆవిడ చేతులు ఆగిపోయాయి. లోపల ఖాళీగా ఉన్న మంచం వైపు చూస్తూ, "వారం వారం వస్తూ ఉండు," అన్నారు.

ఆవిడ చెప్పింది విని నాకు ఊరట కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ఇన్నేళ్ళ దుగ్ధ ఒక్క పూటలో దిగిపోయింది, నిజమే. దాని చోటులోకి వచ్చింది మాత్రం ఊరట కాదు. నేను ఆ పుస్తకంలో గౌరవం వెతికాను. మేమంతా అదే వెతికాం. దొరికినవాళ్ళు మెడలో దండలా వేసుకు తిరిగారు. అది మాస్టారు చాచిన చెయ్యి అని ఒక్కరూ పోల్చుకోలేదు. ఆయనుండగా ఒక్కరూ ఆ గడప ఎక్కలేదు. కిటికీ దగ్గర ఆ చూపంతా వాళ్ళ కోసమేనని నాకిప్పుడు తెలుస్తోంది. విమర్శకుడికి ఫోన్ చేసి ఈ మాట చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పను. ఇక్కడ రాశాను, చదువుకుంటాడు. ఆ ప్రకటన కింద నోట్సు ఏమని వేస్తాడో చూడాలని ఉంది.

మర్నాడు తెల్లవారుతుండగా, బస్సుకి ఇంకా వేళ ఉండటంతో గోదావరి గట్టుకి వెళ్ళాను. కింది మెట్టు మీద కూర్చున్నాను. నీళ్ళు నిండుగా, మట్టి రంగులో ఉన్నాయి. ఎగువ నుంచి గుర్రపుడెక్క మొక్క ఒకటి, ఊదారంగు పూలతో సహా, మెల్లగా తిరుగుతూ వచ్చింది. ఒడ్డుకి తగిలి కాసేపు ఆగింది. మళ్ళీ ప్రవాహం లాక్కుంటే ధవళేశ్వరం వైపు సాగిపోయింది. అది కనబడినంతసేపూ చూశాను. తర్వాత మాస్టారు కూర్చునే పై మెట్టు వైపు తిరిగి, "ఆఁ... తర్వాతేమైందండీ?" అన్నాను.